మర సంచి గుడ్డ

"రిమోట్ కవరు ఎవరు చింపింది?" అంటూ మా అత్తగారు పొద్దున్నే పంచాయితీ మొదలుపెట్టారు.

"చింపలేదు నానమ్మా, తీశా," అంది మా అమ్మాయి సాయిసాత్విక. "ఆ ప్లాస్టిక్ మీంచి ఐదు నొక్కితే ఎనిమిది పడుతోంది."

"గట్టిగా నొక్కు. వేలేమన్నా అరిగిపోయిద్దా? కవర్ లేకపోతే రెండ్రోజుల్లో జిడ్డు పట్టిద్ది."

"ఇన్నాళ్ళూ కవర్లోనే ఉందిగా. లోపల రిమోట్ ఏ రంగో ఇవాళే చూశా. ముదురు నీలం. నీకు తెలుసా?"

"నాకెందుకు తెలవాలే దాని రంగు?"

"ఒక రిమోటు కోసం ఏంది మీ గోల, ముందు వార్తలు పెట్టండి," అన్నారు మా మామయ్యగారు పట్టాభిరామయ్యగారు పడక్కుర్చీలోంచి.

"మీరు మాట్లాడబాకండి. మీ మిల్లులో కారం మేడ మీదికి రాకుండా చూస్తే నాకీ కవర్లు కుట్టే ఖర్మేంది?"

ఆ ఒక్క మాట వినపడితే మామయ్యగారు ఎప్పుడూ కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. నర్సరావుపేటలో మా ఇల్లు కారం మిల్లు పైన ఉంది. కింద మర, దాని పక్కన చిన్న ఆఫీసు గది, పైన మేం. మర ఆడినంతసేపూ సన్నటి ఎర్రటి పొడి మెట్లెక్కి వస్తూనే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో నేను రోజంతా తుమ్మేదాన్ని. ఇప్పుడు చుట్టాలు వచ్చి దగ్గుతుంటే ఎందుకు దగ్గుతున్నారో ఒక క్షణం అర్థం కాదు. ఈ పొడి మీద మా అత్తగారు సుందరమ్మ చేసే యుద్ధమే ఆ కవర్లు. ఫ్రిజ్‌కి ముసుగు, మిక్సీకి గౌను, గ్రైండర్‌కి లంగా. కుట్టు మిషను కిటికీ పక్కనే ఉంటుంది. ఆవిడ కుట్టు ఎంత తిన్నగా ఉంటుందంటే స్కేలు పెట్టి కొలిచినా వంక దొరకదు. కంప్యూటర్‌కి కూడా ఆవిడే కుట్టారు.

ఆ కంప్యూటరే మా ఇంట్లో దసరా ముందు నుంచీ తెగని గొడవ.

రిమోట్ పంచాయితీ జరిగిన ఆ రోజు అమావాస్య. అమావాస్యకి మా వాళ్ళు మర ఆడించరు. ఇల్లంతా చెవులు మూసుకున్నట్టు నిశ్శబ్దంగా ఉంటుంది. మావారు జ్ఞానేశ్వర్ కాఫీ తాగి, "ఇవాళన్నా దీని సంగతి తేలుస్తా," అని పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని ఆఫీసు గదిలోకి దిగారు. విండోస్ మళ్ళీ ఎక్కించాలని ఆయన పట్టుదల. కంప్యూటర్ షాపు వెంకట సాయి అన్నీ సిద్ధం చేసి ఇచ్చిన పెన్ డ్రైవ్ అది. ఇప్పటికి ఎన్నిసార్లు ఎక్కించబోయారో లెక్క లేదు. మొదలవుతుంది, ఫైళ్ళు కాపీ అవుతాయి, సగం దాటుతుంది, టక్కున తెర నల్లబడుతుంది. అంతే. మళ్ళీ మొదటికి.

అందులో చిత్రం ఏమిటంటే, మల్లమ్మ సెంటర్ దగ్గరున్న షాపుకి తీసుకెళ్తే అది బుద్ధిగా పనిచేసేది. వెంకట సాయి హార్డ్ డిస్క్ మార్చాడు, అక్కడే విండోస్ ఎక్కించాడు, ఒక పూటంతా పాటలు పెట్టి వదిలేశాడు. "మా దగ్గర బాగానే ఉందండీ," అన్నాడు. మావారు దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నాలుగు బిల్లులు కొట్టారో లేదో ఆగిపోయింది. ఆ తర్వాత అసలు లేవనే లేదు. ఇంటి కరెంటులో దోషమన్నారు, యూపీఎస్ మార్చారు. తీగలు మార్చారు. మామయ్యగారు ఒకరోజు కొబ్బరికాయ కూడా కొట్టారు. చివరికి అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే: దీనికి వైరస్ పట్టింది, అది మన ఫైళ్ళలోనే ఉంది, దాన్ని తెచ్చింది నౌషీన్.

నౌషీన్ ఎవరో చెప్పాలి. మా మర ఫిట్టర్ ఖాజా మొహిద్దీన్ కూతురు. మర బెల్టు తెగినా, బేరింగు పోయినా మామయ్యగారికి గుర్తొచ్చే పేరు ఖాజా ఒక్కటే. ఆయన కూతురు బీకాం చదివి ఇంట్లో ఉంటే, బిల్లులు రాయడానికి రమ్మన్నది కూడా మామయ్యగారే. రెండేళ్ళు చేసింది. పొద్దున వచ్చి చెప్పులు గడప పక్కన జతగా విడిచేది. బిల్లు మీద కొట్టివేత ఉండేది కాదు. మా అత్తగారిని మామ్మగారూ అని, మావారిని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేది.

కంప్యూటర్‌కి అత్తగారు కుట్టిన గుడ్డ ఆషామాషీ గుడ్డ కాదు. కారం మర పైన పొడుగాటి గుడ్డ సంచి ఒకటి వేలాడుతుంది. మర లోపలి గాలి ఆ గుడ్డలోంచి బయటికి పోవాలి, పొడి మాత్రం లోపలే ఆగాలి. అందుకని అది దట్టంగా నేసిన గుడ్డ. దాని ముక్కనే రెండు మడతలు వేసి, కంప్యూటర్ డబ్బాకి నాలుగు వైపులా పట్టేలా, వెనక వైర్లకి కన్నాలు వదిలి, అంచులకి నాడాలు పెట్టి కుట్టారావిడ. "గాలి ఆడిద్ది, కారం పోదు," అన్నారు. విన్న వాళ్ళకి ఎవరికైనా సబబుగానే తోస్తుంది. మామయ్యగారు మెచ్చుకుని పక్క మిల్లు వాళ్ళకి కూడా చూపించారు.

నౌషీన్ మొదట్లో రోజూ పొద్దున్నే ఆ గుడ్డ విప్పి, గుమ్మం బయటికి తీసుకెళ్ళి దులిపేది. బిల్లుల మీద పొడి రాలుతోందని. ఒకరోజు అత్తగారు మెట్ల మీంచి చూశారు.

"ఏమ్మాయ్, రోజూ విప్పదీస్తే ఇంక గుడ్డ ఎందుకు? దులిపిన కారమంతా మెషిన్లోకే పోయిద్ది. కట్టింది కట్టినట్టు ఉండనీ."

"బిల్లులు ఎర్రగా అవుతున్నాయి మామ్మగారూ."

"కారం మిల్లు బిల్లులు ఎర్రగా కాక పచ్చగా ఉంటాయా? ముట్టబాకు."

నౌషీన్ నవ్వేసింది. ఆ తర్వాత ఇంక ముట్టలేదు. అది ఎండాకాలం. దసరా దగ్గర పడేసరికి కంప్యూటర్ మధ్యాహ్నాలు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది.

వెంకట సాయికి ఫోన్ చేస్తే, "బయటి పెన్ డ్రైవులు ఏమన్నా పెట్టారా? వైరస్ అయ్యుండొచ్చు," అన్నాడు. అతను అన్నది అయ్యుండొచ్చు అని. మామయ్యగారికి వినపడింది అయ్యింది అని. ఆయన నౌషీన్‌ని అడుగుతున్నప్పుడు నేను మజ్జిగ గ్లాసులతో మెట్లు దిగుతున్నాను.

"పెన్ డ్రైవ్ పెట్టావా లేదా? ముందది చెప్పు."

"పెట్టా తాతగారూ. బ్యాంకు పరీక్ష హాల్ టికెట్ ప్రింటు తీసుకోడానికి. అన్నని అడిగే పెట్టా."

మామయ్యగారు మావారి వైపు చూశారు. మావారు గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. "అడిగిందో లేదో... నాకు గుర్తులేదు నాన్నా," అన్నారు.

ఆ పిల్ల మొహంలో రంగు మారడం నేను చూశాను. మాట మాత్రం మారలేదు. "అడిగాను అన్నా," అంది మెల్లిగా. అంతే.

"సరేలే. కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు. మెషిన్ బాగయ్యాక కబురు చేస్తాం," అన్నారు మామయ్యగారు. మా బజారులో మనిషిని మాన్పించడమంటే ఇదే. కోపంగా ఒక్క మాట అనరు. కబురు చేస్తామంటారు, చెయ్యరు.

నౌషీన్ బీరువా తాళం బల్ల మీద పెట్టింది. కీబోర్డు తుడిచింది. కంప్యూటర్‌కి గుడ్డ తొడిగి, నాడాలు ఒక్కొక్కటే ముడేసి వెళ్ళిపోయింది.

ఖాజా ఆ తర్వాత కూడా పిలిస్తే వచ్చేవాడు. కూతురి ఊసెత్తేవాడు కాదు. కానీ పనయ్యాక టీ ఇస్తే, "ఇప్పుడే తాగొచ్చానమ్మా," అనేవాడు. ఇరవయ్యేళ్ళుగా మా ఇంట్లో టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిన మనిషి.

కార్తీకమాసంలో అనుకుంటా, సత్తెనపల్లి నుంచి బసవపున్నయ్యగారు ఫోన్ చేశారు. ఆయనకి అక్కడ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. మా వైపు వ్యాపారస్థులు ఎవరినైనా పనిలో పెట్టుకునే ముందు పాత యజమానిని ఒక మాట అడుగుతారు. చదువు, సర్టిఫికెట్లు తర్వాత. ఆ ఒక్క మాట మీదే ఉద్యోగం నిలుస్తుంది, పోతుంది. నేను దోసెలు వడ్డిస్తున్నాను. మామయ్యగారు ఫోను భుజానికి నొక్కిపెట్టి తింటూనే మాట్లాడారు.

"ఆ, మా దగ్గర చేసింది. ఖాజా కూతురు. మంచి పిల్లే. కాకపోతే మెషిన్ కాడ కాస్త చూసుకోవాలి. మాది పాడుచేసి పోయింది... ఏందో పెన్ డ్రైవ్ తెచ్చి పెట్టింది... ఆ, ఆ. మీ ఇష్టం."

ఫోను పెట్టేశాక, ఎవరూ ఏమీ అనకుండానే, "అడిగినప్పుడు ఉన్నమాట చెప్పాలిగా," అన్నారు.

ఇదీ జరిగింది. ఇప్పుడు మళ్ళీ ఆ అమావాస్య రోజుకి వస్తాను.

పదకొండు దాటి ఉంటుంది. పప్పు కుక్కర్ దించి, స్టవ్ ఆపి, దొండకాయలు తరుగుతున్నాను. మిరపకాయ మాడిన వాసన వచ్చింది. ఈ ఇంట్లో మిరపకాయ వాసన ఎవరికీ వాసన కాదు. కానీ రోజూ వచ్చేది పచ్చి కారం వాసన, మర రాళ్ళ మధ్య నలిగిన వాసన. ఇది అది కాదు. పోపులో ఎండుమిరపకాయ నల్లబడితే గొంతులో పట్టుకుంటుందే, ఆ ఘాటు. స్టవ్ చూశాను, ఆపే ఉంది. మూకుడు కూడా పెట్టలేదు. వాసన మెట్ల మీంచి వస్తోంది. మర ఆడని రోజు కాబట్టి తెలిసింది. వేరే రోజైతే దానిలో కలిసిపోయేది.

చేతులు తుడుచుకుంటూ కిందికి వెళ్ళాను. ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. మావారు తెర వైపే చూస్తున్నారు.

"ఈసారి ఎక్కేలా ఉంది, మాట్లాడకు," అన్నారు.

"ఏదో మాడుతోందండీ."

"మిల్లులో వాసన రాకుండా ఉంటదా?"

"మర ఇవాళ ఆడలేదుగా."

ఆయన సమాధానం చెప్పే లోపే తెర నల్లబడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నేను కంప్యూటర్ మీద చెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చీర మడత మీద చెయ్యి పెట్టినట్టుంది. గుడ్డ వెనకవైపు, లోపలి ఫ్యాను గాలి వచ్చే చోట, పొడి నూనెతో ముద్దకట్టి అట్టలా బిగుసుకుపోయింది. వేలితో గీస్తే గీత పడలేదు. ఆ అట్టే మాడుతోంది.

నాడాలు విప్పడం మొదలుపెట్టాను.

"అమ్మ చూస్తే గోల చేసిద్ది," అన్నారాయన.

"చెయ్యనివ్వండి."

గుడ్డ ఊడదీసి బల్ల మీద పరిచాను. సాత్విక కూడా వచ్చింది. డబ్బా పక్క రేకు తీసి చూశాం. లోపల కారం రేణువు లేదు. తళతళలాడుతోంది. అత్తగారి గుడ్డ చెయ్యాల్సిన పని చేసింది, కారాన్ని పోనివ్వలేదు. గాలిని కూడా పోనివ్వలేదు.

కాసేపు చల్లారనిచ్చి మావారు మళ్ళీ మొదలుపెట్టారు. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. సగం దాటింది. ఆగలేదు. అదే ఒకసారి ఆగి, వెలిగి, ఇంకా పైకి పోయింది. చివరికి నీలం తెర మీద నమస్కారం పెట్టినట్టు అక్షరాలు వచ్చాయి. సాత్విక చప్పట్లు కొట్టింది. మావారు కొట్టలేదు.

"గుడ్డ వల్లేనంటావా? ఏదో ఇవాళ కలిసొచ్చిందేమో," అన్నారు.

"మళ్ళీ కట్టి చూద్దాం నాన్నా," అంది సాత్విక.

"వద్దులే, ఇప్పుడేగా ఎక్కింది."

"తెలియాలిగా."

అదే కట్టింది. ఏదో పెద్ద వీడియో పెట్టి వదిలేసింది. నేను పైకి వెళ్ళి కూర పొయ్యి మీద వేసి, మగ్గనిచ్చి, వచ్చాను. గదిలో మళ్ళీ ఆ ఘాటు మొదలైంది. మేం చూస్తుండగానే తెర ఆరిపోయింది. సాత్విక గబగబా గుడ్డ విప్పేసింది.

మావారు ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వైరస్ కాదన్నమాట," అన్నారు మావారు.

"కాదు."

"మరి ఆ పిల్ల..." అని ఆపేశారు.

భోజనానికి ఎవరూ రావడం లేదని అత్తగారు కిందికి దిగారు. బల్ల మీద గుడ్డ చూడగానే, "ఇదెవరు విప్పింది?" అన్నారు, పొద్దున రిమోట్ గురించి అడిగిన గొంతుతోనే.

"నానమ్మా, ఇది ఉంటే ఆగిపోతోంది. తీస్తే ఆడుతోంది. రెండుసార్లు చూశాం," అంది సాత్విక.

ఆవిడ నమ్మలేదు. గుడ్డ చేతిలోకి తీసుకున్నారు. ఇంకా వెచ్చగానే ఉంది. బిగుసుకుపోయిన ఆ భాగాన్ని వేళ్ళతో వంచి చూశారు. వంగలేదు. దాన్ని వెనక వాకిట్లోకి తీసుకెళ్ళి రాయి మీద రెండు చేతులా బాదారు. ఎర్రటి పొగ లేచింది. ఆవిడ దగ్గడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళుగా ఈ మిల్లులో ఉంటున్న మనిషి, ఆవిడ దగ్గగా నేను వినడం అదే మొదలు. నీళ్ళిచ్చాను. తాగలేదు.

"మర సంచిని రోజూ సాయంత్రం కర్రతో దులిపిస్తాం. దులపకపోతే మర ఊపిరాడక ఆగిపోయిద్దని నాకు తెలవదా?" అన్నారు. "దీన్నెవరూ దులపలా." గుడ్డ రాయి మీదే వదిలేసి, "ఆ పిల్ల దులిపేది. నేనే వద్దన్నా," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ సరిగ్గా తినలేదు. సాయంత్రం ఎండ తగ్గాక చీర మార్చుకుని వచ్చి, "పద కీర్తనా, ఖాజా వాళ్ళింటికి పోదాం," అన్నారు. బరంపేటలో వాళ్ళ ఇల్లు ఎక్కడో ఆవిడకి తెలియదు. ఖాజా మా ఇంటికి రావడమే గాని, మా ఇంటి నుంచి ఎవరూ వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. నేను ఇద్దర్ని అడిగి పట్టుకున్నాను.

నౌషీన్ వాళ్ళ అమ్మ పీరాంబీ మమ్మల్ని చూసి కంగారు పడింది. కుర్చీలు తుడిచింది. నౌషీన్ లోపలి గదిలో మగ్గం ముందు కూర్చుని జాకెట్టు గుడ్డ మీద పూసలు కుడుతోంది. లేచి వచ్చి, "రండి మామ్మగారూ, రా వదినా," అంది. చిక్కింది. కళ్ళ కింద నలుపు.

అత్తగారు ఎప్పుడూ మాట తడుముకునే మనిషి కాదు. ఆ రోజు తడుముకున్నారు.

"మెషిన్ బాగైందమ్మా. తప్పు నీది కాదు. నా గుడ్డ వల్ల వేడెక్కి ఆగిపోయేదంట. నువ్వు దులుపుతుంటే వద్దన్నది నేనే."

నౌషీన్ తల వంచుకుని వేలికి అంటిన పూసని గిల్లి తీసింది.

"మీరు ఇంత దూరం వచ్చి చెప్పారు, మాకదే చాలమ్మా," అంది పీరాంబీ.

"చాలదు అమ్మీ," అంది నౌషీన్. గొంతు పెంచలేదు. "మామ్మగారూ, మీ మీద కోపంతో అనట్లా. సత్తెనపల్లిలో నన్ను ఇంటర్వ్యూ చేశారు, ఒకటో తారీకున చేరమన్నారు. మా అబ్బా బస్ పాస్ కూడా తీసిచ్చాడు. తర్వాత ఫోన్ చేసి వద్దన్నారు. ఎందుకో చెప్పలా. ఇక్కడ పల్నాడు రోడ్డులో ఎరువుల షాపులో అడిగితే, ఆయన నన్ను చూసి, 'పట్టాభిరామయ్య గారి కంప్యూటర్ ఆర్పేసింది నువ్వేనా,' అన్నాడు. నవ్వుతానే అన్నాడు. అందరూ నవ్వారు."

అత్తగారు చీర కొంగు వేళ్ళకి చుట్టుకున్నారు. "నువ్వు మళ్ళీ మా దగ్గరికే రా తల్లీ. రేపే రా."

"రాను మామ్మగారూ."

"జీతం పెంచమని చెప్తా."

"దానిక్కాదు. మళ్ళీ ఎప్పుడన్నా ఏదన్నా ఆగిపోయిద్ది. మెషిన్లంటే ఆగిపోతాయి. అప్పుడు అందరూ నా మొహం చూస్తారు. అన్న క్యాలెండర్ చూస్తాడు."

నాకు తల ఎత్తాలనిపించలేదు.

"మరి సత్తెనపల్లి వాళ్ళు..." అన్నాను.

"వాళ్ళు వేరే అబ్బాయిని పెట్టుకున్నారంట వదినా. ఆ ఉద్యోగం పోయింది, ఇంక రాదు. నాకు ఉద్యోగం ఇప్పించమని కూడా అడగట్లా. తాతగారు ఎవరెవరికి ఏం చెప్పారో, వాళ్ళందరికీ అదే నోటితో కాదని చెప్పమనండి. లేకపోతే నేను ఈ ఊళ్ళో ఏ గుమ్మం ఎక్కినా నాకంటే ముందే ఆ మాట వెళ్ళి కూర్చుంటోంది."

పీరాంబీ ఇచ్చిన టీ అత్తగారు మొత్తం తాగారు. సందు మలుపు దగ్గర ఖాజా సైకిల్ మీద ఎదురొచ్చాడు. దిగి, "ఏందమ్మా, మీరిటు వచ్చారు? మర ఏమన్నా ఆగిందా?" అని అడిగాడు. ఆవిడ కాదన్నట్టు తలూపి, కళ్ళు తుడుచుకుని నడిచారు.

రాత్రి మామయ్యగారికి సంగతంతా చెప్పారు. ఆయన విన్నారు. "సరే, మెషిన్ బాగైందిగా. ఇంకా దాన్నే పట్టుకుని లాగడం ఎందుకు?" అని పడుకున్నారు. కానీ నిద్రపోలేదని పొద్దున ఆయన కళ్ళు చూస్తే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం మర ఆపి అందరూ భోజనానికి కూర్చున్నారు. పప్పుచారు, దొండకాయ వేపుడు, గోంగూర. నేను వడ్డిస్తున్నాను. అత్తగారు ఎప్పుడూ అందరూ తిన్నాక తింటారు. ఆ రోజు కంచం పెట్టుకుని మామయ్యగారి ఎదురుగా కూర్చున్నారు. కొత్తగా అనిపించి సాత్విక నా వైపు చూసింది.

ముందు మాట్లాడింది మావారు. అన్నం కలుపుతూ ఆపి, "నాన్నా, పెన్ డ్రైవ్ పెట్టుకోనా అని ఆ పిల్ల నన్నడిగింది. సరే పెట్టుకోమన్నా," అన్నారు.

మామయ్యగారు తలెత్తారు. "ఆ రోజు గుర్తులేదన్నావుగా."

"అన్నా."

"గుర్తులేకనా? చెప్పబుద్ధి కాకనా?"

"చెప్పబుద్ధి కాలా. మీరు కోపంగా ఉన్నారు."

"నా కోపానికి భయపడి దాన్ని ముందుకు తోశావా? సిగ్గులేదంట్రా?"

"ఉంది నాన్నా," అన్నారు మావారు. మిగతా అన్నం ఆయన తినలేకపోయారు. నేను కూర వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

మామయ్యగారు కాసేపు పప్పుచారు అన్నం కెలికారు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? ఊళ్ళో డప్పేయించనా?" అన్నారు. గొంతులో పౌరుషం ఉంది గాని బలం లేదు.

"డప్పు అక్కర్లా," అన్నారు అత్తగారు. "రేపు పొద్దున బస్సుకి నేను సత్తెనపల్లి పోతన్నా. కీర్తన నాతో వచ్చిద్ది. బసవపున్నయ్యకి ఎదురుగా కూర్చుని చెప్తా. మెషిన్ పాడుచేసింది నేను, ఆ పిల్ల కాదని."

"నువ్వు పోయి కోల్డ్ స్టోరేజీలో కూర్చుంటావా? పట్టాభిరామయ్య మాట మార్చడానికి పెళ్ళాన్ని పంపాడంటారు."

"అననీ. నిజమేగా."

"ఆ ఉద్యోగం ఎటూ పోయిందంటున్నావు. పోయినదానికి ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"ఉద్యోగం పోయింది. తేలేం. అది నా గుడ్డ వల్ల పోయింది, మీ మాట వల్ల పోయింది. ఆ పిల్ల పూసలు కుట్టుకుంటా కూర్చుంది, ఈ కళ్ళతో చూసొచ్చా. ఇంకోటి వచ్చినప్పుడన్నా మన మాట అడ్డం పడకూడదు."

మామయ్యగారు గ్లాసెత్తి నీళ్ళు తాగారు. "ఒక్క బసవపున్నయ్యకే చెప్పాననుకుంటున్నావా," అన్నారు. "మిర్చి యార్డులో టీ కొట్టు కాడ కూడా అన్నా. ఎరువుల షాపాయన అక్కడే విన్నాడు. నూజెండ్ల నుంచి వచ్చిన కమీషన్ దుకాణమాయన అడక్కపోయినా చెప్పా. నవ్వులాటకి."

నేను పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అయితే పెరుగు తినే లోపు ఇంకా ఎవరెవరికి చెప్పారో గుర్తు తెచ్చుకోండి," అన్నారు మా అత్తగారు. "రేపు సత్తెనపల్లి, ఎల్లుండి యార్డు, ఆ తర్వాత నూజెండ్ల. అందరి కాడికీ పోతా. మీరొస్తే మీరే చెప్పండి. రాకపోతే నేను చెప్తా."